పేరూ ఊరూ మార్చాను

మా వృత్తిలో లైసెన్సు నిలవాలంటే ప్రతి విడతా ఇన్ని గంటలు కొత్తగా చదువుకున్నట్టు చూపించాలి. సెమినార్లకు పోవాలి, వర్క్‌షాపుల్లో కూర్చోవాలి, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. గంటలు తగ్గితే లైసెన్సు ఆగిపోతుంది. అది ఆగితే ఖతర్‌లో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని గోడు వినే అధికారం నాకుండదు. గోడు వినడానికి కూడా లైసెన్సు ఏమిటే అని మా అక్క ఫోన్లో నవ్వేది. ఉండాలి కదక్కా, నాలాంటివాళ్ళ చేతిలో జనం పడకుండా, అని నేనూ సరదాగా అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట సరదాగా అనలేను.

దోహాలో మీటింగులు జరిగే హోటళ్ళన్నీ నాకు కొట్టిన పిండే. ఎక్కడ ఏసీ ఎముకలు కొరుకుతుందో, ఎక్కడ కాఫీ నోట పెట్టలేమో చెప్పగలను. స్క్రీను మీద మొదటి బొమ్మ ఎప్పుడూ ఒకటే, సముద్రపు ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చిన గులకరాళ్ళు. తర్వాత మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసి ఒకరిని బాధపడమంటారు, ఇంకొకరిని వినమంటారు. పది నిమిషాలయ్యాక అటూ ఇటూ మారమంటారు. చివర్లో, ఇది మనిషిని పిండేసే వృత్తి కాబట్టి మీ ఆరోగ్యం మీరు చూసుకోండి అని చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. వీటి మీద నాకు గౌరవం లేదని కాదు. కొన్నిటిలో నిజంగానే నేర్చుకున్నాను. కానీ చాలాసార్లు వెనక వరసలో కూర్చుని, మెట్రోలో అల్ వక్రాలో ఇల్లు చేరేసరికి టైమెంతవుతుందో, ఇంట్లో కూర ఏముందో ఆలోచిస్తూ గంటలు గడిపేదాన్ని.

నేను కౌన్సెలర్‌గా పనిచేసేది అల్ దోహా అల్ జదీదాలో ఒక చిన్న క్లినిక్కులో. కింద మందుల షాపు, పైన పళ్ళ డాక్టరు, మధ్యలో నేను. అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషులో బాధపడతారు. శుక్రవారం సాయంత్రాలు మాత్రం బర్వా అల్ బరాహాకి వెళ్ళేదాన్ని. ఇండస్ట్రియల్ ఏరియా పక్కన వేలమంది కార్మికులుండే ఆ వసతుల్లో, మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి నా కోసం ఒక గది అడిగి తీసుకుంది. ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, సరిగ్గా మూసుకోని తలుపు. వచ్చేవాళ్ళలో సగం మంది నన్ను డాక్టరనుకుని నడుం నొప్పికి మాత్ర అడిగేవాళ్ళు. మిగతావాళ్ళు ఏం చెప్పాలో తోచక, మీదే ఊరు మేడం అని నన్నే అడిగేవాళ్ళు. గుంటూరు వైపు అంటే, ఆంధ్రనా అని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవాళ్ళు. రెండో వారానికి ఆ కుర్చీ ముందుకు జరిగిందంటే నాకు పెద్ద పండగ.

అతను అలాంటి ఒక శుక్రవారమే వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. స్కాఫోల్డింగ్ పని, అంటే కడుతున్న బిల్డింగు చుట్టూ ఇనుప గొట్టాలు బిగించుకుంటూ పైకి పోవడం. తొమ్మిదేళ్ళుగా అదే చేస్తున్నాడు. రెండు నెలల కిందట అతని గదిలోనే ఉండే స్నేహితుడు, పనిలో ఎప్పుడూ పక్కనే ఉండేవాడు, పైనుంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి ఇతనికి చేతులు మాట వినడం లేదు. కింద ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి. మూడో అంతస్తు దాటితే వేళ్ళు బిగుసుకుపోయి గొట్టాన్ని వదలవు, లేకపోతే చెమటకి జారిపోతాయి. నిద్ర ఎలా పడుతోంది, అన్నం తింటున్నావా అని అడిగితే అవన్నీ మంచిగనే ఉన్నాయి, చేతులు ఒక్కటే అన్నాడు. రిపేరుకు తెచ్చిన వస్తువులా రెండు చేతులూ టేబులు మీద పెట్టి నా వైపు జరిపాడు.

మొదటి రోజే అతనికి ఒక కాగితం ఇచ్చాను. అందరికీ ఇచ్చేదే. ఇంగ్లీషులో ఉంటుంది. చెప్పినదంతా గోప్యంగా ఉంటుందనీ, శిక్షణ కోసం ఎప్పుడైనా వాడుకోవలసి వస్తే మనిషి ఎవరో తెలియకుండా వాడతామనీ రాసి ఉంటుంది. తెలుగులో చదివి చెప్పాను. అతను శిక్షణ సంగతి పట్టించుకోలేదు, గోప్యం దగ్గరే ఆగాడు.

“ఈ ముచ్చట కంపెనీకి తెల్వద్దు మేడం. మా పెద్దన్నకు ఒకపారి తల ఖరాబైందని దవఖానకు తీస్కపోయిన్రు. నెలకు మంచిగైండు. కని ఇప్పటికి ఊర్లె పిచ్చోడనే అంటరు. నలుగురిల ఆయన నోరిప్పితే నవ్వుతరు. నాకు గా పేరు వద్దు.”

రాదని చెప్పాను. నా పని మీద నాకు చాలా నమ్మకం ఉండేది ఆ రోజుల్లో. అతను సంతకం పెట్టాడు.

మూడో వారం జేబులోంచి ఒక జత గ్లౌజులు తీసి టేబులు మీద పెట్టాడు. చనిపోయిన స్నేహితుడివి. అవి లోపల తొడుక్కుని, వాటి మీద తనవి తొడుక్కుంటే తప్ప చేతులు గొట్టాన్ని సరిగ్గా పట్టడం లేదని చెప్పాడు. చాలా చిన్న గొంతుతో చెప్పాడు. ఈ ఎండల్లో రెండు జతలైతే చేతులు ఉడికిపోవా అంటే, ఉడికితే ఉడకనీ, పట్టు దొరుకుతుంది అన్నాడు. అంత చిన్న గొంతుతో చెప్పాడు కాబట్టి అది నాకు తప్ప ఎవరికీ తెలియని రహస్యమనుకున్నాను. అలా కాదేమోనన్న అనుమానం కూడా నాకు రాలేదు.

అతనితో ఎనిమిది శుక్రవారాలు పనిచేశాను. ముందు ఫోర్‌మన్‌కి మోకాలు నొప్పని చెప్పి రెండో అంతస్తు దాటని పని అడిగి తీసుకోమన్నాను. ఫోర్‌మన్ పెద్దగా ఆరా తీయకుండా ఇచ్చాడు. తర్వాత కింద, నేల మీద నిలబడే చోట, లోపలి గ్లౌజులు పది నిమిషాలు తీసి చూడమన్నాను. తర్వాత అరగంట. తర్వాత ఒక పూట. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపే నెలలు అవి, ఆ విరామంలో నీడన కూర్చుని స్నేహితుడి గురించి ఒక్కో జ్ఞాపకం గుర్తు చేసుకుని శుక్రవారం నాకు చెప్పాలి. చనిపోయినవాడు వంటలో ఉప్పు ఎప్పుడూ మర్చిపోయేవాడట. అది చెప్తూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఎనిమిదో వారం, ఒక పొద్దంతా మొదటి అంతస్తులో ఒక్క జతతోనే పని చేశానని చెప్పినప్పుడు నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఎందుకంటే అదే వారం నాకు గంటలు తక్కువ పడ్డాయి. గడువు దగ్గర పడింది. ఆఘాతానికి గురైనవాళ్ళకు చికిత్స మీద రెండు రోజుల వర్క్‌షాపు ఒకటి ఉంది, అందులో తమ కేసు చెప్పినవాళ్ళకు అదనంగా గంటలు ఇస్తారు. నా దగ్గర చెప్పుకోదగ్గ కేసు అతనిదే. గంటల కోసమే చెప్పానంటే అబద్ధం. ఉద్యోగం పోయిందనో, మొగుడితో పడడం లేదనో క్లినిక్కుకి వచ్చేవాళ్ళ మధ్య ఇది ఒక్కటి నేను గర్వంగా చూపించుకోగలిగిన పని. చూపించుకోవాలనిపించింది.

మనిషి తెలియకుండా చేయడానికి రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మనవాళ్ళకి మనిషి అంటే ఏమిటి? ఇంటిపేరు, ఊరు, ఎవరి తాలూకు, పెళ్ళయిందా. ఎక్కడ ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా ముందు అవే అడుగుతాం, అవి తెలిస్తే మనిషి దొరికిపోయినట్టే. కాబట్టి అవన్నీ మార్చాను. జగిత్యాల వాణ్ణి శ్రీకాకుళం వాణ్ణి చేశాను. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి బ్రహ్మచారిని చేశాను. స్కాఫోల్డింగ్ తీసి తాపీ పని పెట్టాను. స్నేహితుడి బదులు అక్క మొగుణ్ణి చంపాను, అదీ లిఫ్టు గుంటలో పడేసి. యాస పట్టుకుంటారేమోనని అతని మాట ఒక్కటి కూడా తెలుగులో ఉంచలేదు. ఈ హాల్లో తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే అనేదే నా భయమంతా. గ్లౌజులు మాత్రం మార్చలేదు. మారుద్దామని ఒకసారి అనుకున్నాను, రుమాలు అని రాసి చూశాను. చప్పగా అనిపించింది. అవి తీసేస్తే నా తెలివి కనిపించే చోటు ఏదీ మిగలదు. రుమాలు కొట్టేసి మళ్ళీ గ్లౌజులు అని రాశాను.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. తెలుగువాళ్ళు ఒక్కరూ లేరని పేర్ల పట్టీ చూసి నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను. కౌన్సెలర్లు, స్కూళ్ళ సైకాలజిస్టులు, కంపెనీల్లో కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్లు. వాళ్ళకీ ఇలాంటి శిక్షణ ఉండాలని ఈమధ్య కంపెనీలు పంపుతున్నాయి. నేను చెబుతుంటే ఎవరూ ఫోను చూసుకోలేదు. శిక్షణ ఇస్తున్న పెద్దాయన గ్లౌజుల భాగం మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు, చెప్పాను. చప్పట్లు కొట్టారు.

కాఫీ దగ్గర ఒకావిడ వచ్చి చాలా బాగా చెప్పారంది. ఒక నిర్మాణ కంపెనీలో వెల్ఫేర్ ఆఫీసరట. నిదానమైన మనిషి, కళ్ళల్లో నిజంగానే తడి ఉంది. అతనిది ఏ కంపెనీ అని అడిగింది. అది చెప్పకూడదండీ, ఏ జిల్లావాడో కూడా చెప్పను అని నవ్వుతూ అన్నాను. అడగడం తప్పే, క్షమించండి అని ఆవిడ పక్కకు వెళ్ళిపోయింది. మెట్రోలో ఇంటికి వెళ్తూ నా మీద నాకే ముచ్చటేసింది. అంత మర్యాదగా గోప్యం కాపాడానని.

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. ఓవర్‌టైం పడిందేమో అనుకున్నాను. ఆ తర్వాతి శుక్రవారం అతని గదిలో ఉండే నిజామాబాద్ మనిషి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆదివారం పొద్దున అతన్ని వెల్ఫేర్ ఆఫీసు పిలిపించిందట, అక్కణ్ణుంచి కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారట. పైకి ఎక్కితే భయమవుతుందా అని సూటిగా అడిగితే అతను అబద్ధం చెప్పలేకపోయాడు. ఎవరూ కోప్పడలేదట, టీ కూడా ఇచ్చారట. మానసికంగా పనికి తగడని కాగితం రాసి, వీసా క్యాన్సిల్ చేసి, గురువారం విమానం ఎక్కించారు.

ఎవరు చెప్పారో తెలుసా అని అడిగాను. వెల్ఫేర్ మేడమే ఏదో ట్రైనింగ్‌లో విన్నానని అందట. అతని పేరు నేనెక్కడా చెప్పలేదు అన్నాను, అడగని దానికి జవాబుగా.

“సైట్ల వానికి పేరెక్కడిది మేడం. అందరు డబల్ గ్లౌజనే పిలుస్తరు. ఫోర్‌మన్ గట్లనే, వెల్ఫేర్ మేడం గట్లనే. ఆ ఎండల రెండు జతలు ఏస్కునేటోడు ఇంకోడు లేడు గదా.”

నేను దాచిన ఇంటిపేరు ఆ కంపెనీలో ఎవరికీ తెలియదు. ఊరూ తెలియదు, జిల్లా తెలియదు, మా యాసలు వాళ్ళకి ఒక్కటే. వాళ్ళకు తెలిసిన అతని పేరు నేను హాలు ముందు నిలబడి రెండుసార్లు చెప్పాను. ఎనిమిది వారాల్లో, నిన్ను సైటులో ఏమని పిలుస్తారు అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. అతని పేరు నాకు తెలుసు కదా, ఇంటిపేరుతో సహా.

మాలో ప్రతివాళ్ళకూ పైన ఒక పెద్ద దిక్కు ఉంటుంది, చేసిన పని చెప్పుకుని తప్పొప్పులు చూసుకోవడానికి. నా పెద్దావిడకు అంతా చెప్పాను. తిట్టలేదు. కేసులో కనిపించే గుర్తు ఉంచడం తప్పే అంది. ఆ తర్వాత, వెల్ఫేర్ ఆఫీసర్ చేసింది మాత్రం తప్పని అనలేను అంది. రేపు మోకాలు నొప్పి మాట చెల్లక అతను మళ్ళీ అయిదో అంతస్తు ఎక్కి పడి ఉంటే ఏం చేసేదానివి అని అడిగింది. వెల్ఫేర్ ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు. ఆవిడ ఒక మనిషి ప్రాణం కాపాడానని నమ్ముతూ ఉండి ఉంటుంది. నిజంగానే కాపాడిందేమో, అది ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

ఈ తప్పు గురించి నిజాయితీగా ఒక వ్యాసం రాయమంది పెద్దావిడ. స్వీయ సమీక్ష కింద దానికీ గంటలు వస్తాయట. ఫోన్ పెట్టేశాక పిచ్చిదానిలా నవ్వాను. ఆ తర్వాత రాశాను. బాగానే రాశాను. అది కూడా ఎక్కించాను, లైసెన్సు రెన్యువల్ అయింది. రాయకుండా ఉంటే అతనికేమైనా ఒరిగేదా అని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను, ఇప్పుడూ అదే చెప్పుకుంటాను, రెండుసార్లూ అసహ్యంగానే ఉంది.

అతని గదిలో ఉండే మనిషి ఇచ్చిన ఊరి నంబరుకు నాలుగు రోజులు ఫోన్ చేశాను. అయిదో రోజు అతనే ఎత్తాడు. వెనక టీవీ మోత, ఎవరో పిల్లల్ని కోప్పడుతున్నారు. నా గొంతు గుర్తుపట్టి, బాగున్నరా మేడం అన్నాడు. ఎప్పటి మర్యాదే. నేను ముందుగా అనుకున్నవన్నీ మర్చిపోయి, తప్పు నాదే, ట్రైనింగ్‌లో చెప్పింది నేనే అన్నాను. పేరూ ఊరూ మార్చాననీ, గ్లౌజుల సంగతి అందరికీ తెలుసని నాకు తెలియదనీ చెప్పాను. చెబుతుంటే ఒక్కో మాటా ఎంత పనికిమాలినదో నాకే వినబడుతోంది.

తెలుసు మేడం, అన్నాడు. మన ఇద్దరి మధ్య జరిగింది ఇంకెవరు చెబుతారు, మొదటి రోజే తెలిసింది అన్నాడు. కంపెనీ డాక్టరు, ఎవరి దగ్గరికి పోతున్నావు, పేరు చెప్పు అని చాలాసేపు అడిగాడట. ఇతను చెప్పలేదు. మీకేమన్న లొల్లి అయితదేమోనని అన్నాడు. దెప్పిపొడవడానికి అన్నాడేమోనని చెవి రిక్కించి విన్నాను. అలా లేదు. మామూలుగానే చెప్పాడు.

ఊళ్ళో ఎలా ఉంది అని అడిగాను. సెలవు మీద వచ్చానని చెప్పాడట మొదట. కానీ అదే కంపెనీలో వాళ్ళ మండలం వాళ్ళే ఇంకో ముగ్గురున్నారు, అతని కంటే ముందు వాళ్ళ ఫోన్లే ఊరు చేరాయి. దుబాయ్‌ల తల తిరిగి వచ్చిండని అనుకుంటున్నారట, వాళ్ళకి గల్ఫంతా దుబాయే. పెద్దన్న వచ్చి పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెళ్ళాడట. పొలంలో బోరు దగ్గర ఇనుప గొట్టాలు దించే పనికి పోతే, నువ్వు వద్దులే, కూర్చో అన్నారట. చేతులు ఎలా ఉన్నాయి అని అడిగాను. చేతులు మంచిగనే ఉన్నాయన్నాడు. ఇక్కడ ఎక్కడానికేమీ లేదు కదా అన్నాడు.

కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక మంచి కౌన్సెలర్ ఉన్నారని చెప్పాను. ఫీజు తీసుకోరు, నేను ముందే మాట్లాడి పెట్టాను, వారానికొకసారి వెళ్తే చాలు, ఇక్కడ ఆగిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టవచ్చు అన్నాను. కలం కాగితం ఉందా, నంబరు చెబుతాను అన్నాను.

“మల్ల ఇంకొకరికి చెప్పాల్నా మేడం?”

అతను నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. జవాబు కోసం ఎదురుచూశాడు కూడా. చెప్పాలి అనడం నా వృత్తి, చెప్పినా ఏమీ కాదు అని మాటివ్వడం కూడా నా వృత్తే. నంబరు చదువుతూ పోయాను, పది అంకెలూ నెమ్మదిగా, రెండుసార్లు. అతను చివరిదాకా విని, సరే మేడం అన్నాడు. అతను రాసుకోలేదని నాకు తెలుసు.